జర్మను వలసదారుల వంశమూలములు

అమెరికాకు వలసవచ్చిన జర్మను కుటుంబముల చరిత్ర నెరుగుటకు పూర్వీకుని పేరొక్కటియే చాలదు; అతని స్వగ్రామము తెలియవలెను. ఏలయన, జర్మనీలో జనన వివాహ మరణములు ఊరూరను వేర్వేరుగ నమోదైనవి.

మొదట అమెరికాలోని వివాహ, మరణ పత్రములను, పిదప పౌరసత్వ పత్రములను చూడవలెను. 1906 నాటి చట్టమునకు పూర్వపు పౌరసత్వ పత్రములలో తరచు 'ప్రష్యా', 'బవేరియా' యను రాజ్యనామమే కనబడును. ఆ చట్టము పిదపటివానిలో జన్మస్థలము, జన్మదినము, వచ్చిన ఓడ పేరు కూడ లభించును.

ఊరి పేరు దొరికిన పిమ్మట, 1876 నుండి జర్మనీ యంతట అమలైన ప్రభుత్వపు జనన మరణ పుస్తకములను, అంతకు మునుపటి కాలమునకు చర్చి పుస్తకములను వెదకవలెను.

మరణపత్రములోని జన్మవివరములు ఇతరులు చెప్పినవి. జన్మపుస్తకముతో సరిచూడక నమ్మరాదు. ఒకే పేరు గలవారు పెక్కురు. తొందరపడినచో పరుల తాత సొంత తాతయగును.