పాముల గద్ద: గండికోట మెట్ట భూముల వేటపక్షి

గండికోట వద్ద పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకొని, సుమారు 300 అడుగుల లోతైన లోయలో పారుతుంది. లోయ అంచున ఎర్రటి రాతి పలకలు, వాటి వెనుక ముళ్ల పొదలు, బోద గడ్డి, గొర్రెల బీళ్లు, ఇంకా దిగువన జమ్మలమడుగు నల్లరేగడి శనగ చేలు ఉన్నాయి. పొద్దెక్కి బండలు వేడెక్కిన తరువాత ఈ అంచుల మీద గాలి పైకి లేస్తుంది. ఆ గాలికి ఎదురుగా తల నిలిపి, ఆకాశంలో ఒకే చోట రెక్కలాడిస్తూ ఆగిపోయే పెద్ద లేతవన్నె గద్ద కనిపిస్తే అది పాముల గద్ద అయి ఉండే అవకాశం ఎక్కువ. దీని శాస్త్రీయ నామం సర్కేటస్ గాలికస్. 19వ శతాబ్దంలో భారత పక్షులపై గ్రంథం రాసిన జెర్డన్ సైతం దీనికి ఈ తెలుగు పేరునే నమోదు చేశాడు.

ఈ పక్షి పొడవు 62 నుంచి 70 సెంటీమీటర్లు. రెక్కలు చాపితే ఐదున్నర అడుగులు దాటుతుంది. వీపు గోధుమ వన్నె, పొట్ట తెలుపు. చాలా పక్షులలో గొంతు, ఎదభాగం ముదురు గోధుమ రంగులో ఉండి ముసుగు వేసినట్లుంటుంది. తోకపై మూడు నాలుగు అడ్డచారలుంటాయి. తల గుండ్రంగా, కళ్లు పెద్దవిగా, పసుపు రంగులో ఉండటం వల్ల దగ్గరి నుంచి చూస్తే గుడ్లగూబ స్ఫురిస్తుంది. నల్లమల వంటి దట్టమైన అడవులలో ఉండే నల్ల పాముల గద్ద వేరే జాతి. దాని మేను ముదురు గోధుమ రంగులో ఉంటుంది, మెడ వెనుక జుట్టు ఉంటుంది.

దీని ఆహారంలో అత్యధిక భాగం పాములే. తొండలు, బల్లులు, అరుదుగా ఎలుకలు, కప్పలు కూడా తింటుంది. పామును చూసిన వెంటనే ఒక్కసారిగా దూకదు. అంచెలంచెలుగా దిగుతూ, చివరి కొన్ని మీటర్లు రెక్కలు ముడిచి పడుతుంది. పొట్టి వేళ్లు సన్నని, జారిపోయే శరీరాన్ని గట్టిగా బిగించడానికి అనువైనవి. ఈకలు లేని కాళ్లపై గరుకైన దళసరి పొలుసులుంటాయి. పాము విషం దీనికి ఎక్కదనే నమ్మకం సరికాదు. కాటు సరిగా పడితే పక్షికీ ప్రమాదమే. దానిని కాపాడేవి వేగం, పొలుసులు, పాము కోరలు మేనికి తగలకుండా అడ్డుపడే ఒత్తైన ఈకలు. తలను నలిపిన తరువాత పామును తలవైపు నుంచి మింగుతుంది. గూటికి తెచ్చేటప్పుడు తోక కొంత ముక్కు బయట వేలాడుతుంటుంది. పిల్ల దానిని పట్టి లాగి, తన ఆహారాన్ని తల్లిదండ్రుల గొంతు నుంచి బయటికి తీసుకుంటుంది.

ఐరోపాలోని పాముల గద్దలు శీతకాలంలో సహారా ఎడారి దాటి ఆఫ్రికాకు వలసపోతాయి. మన దేశంలోనివి ఎక్కువగా స్థిరనివాసులు. ఇక్కడ గూడు కట్టే కాలం ప్రధానంగా డిసెంబరు నుంచి మే వరకు. మెట్ట చేలలో శనగ కోత జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరుగుతుంది. పైరు తీసిన నేలపై పాముకు దాగే చోటు తక్కువ. గూడు తుమ్మ వంటి చెట్టు కొనపై పుల్లలతో ఉంటుంది. ఏడాదికి ఒకే గుడ్డు. పొదిగే కాలం దాదాపు 45 రోజులు, పిల్ల ఎగరడానికి మరో రెండు నెలలకు పైగా పడుతుంది. వంటచెరకు కోసం ఆ చెట్టు నరికితే ఆ జంట ఏడాది శ్రమ అక్కడితో ముగిసినట్లే.

రైతుకు ఈ పక్షి మిత్రమా? సూటిగా ఔనని చెప్పడం కష్టం. జెర్రిపోతు ఎలుకలను తింటుంది, పాముల గద్ద జెర్రిపోతును తింటుంది. ఎలుకల నివారణకు పనికివచ్చేది దీనికంటే నల్ల రెక్కల గద్ద. అదీ గాలిలో నిలిచి వేటాడుతుంది గాని కాకి కంటే చిన్నది. శిక్షణ తరగతులలో ఈ రెండింటినీ కలిపి చెప్పడం పొరపాటు. పాముల గద్ద విలువ వేరు: అది ఉందంటే ఆ బీడులో పాములు, తొండలు, వాటికి ఆహారమైన జీవులు ఇంకా మిగిలి ఉన్నాయని అర్థం.

ఆ బీడు భూమే నేడు తరుగుతున్నది. రెవెన్యూ లెక్కలలో బంజరుగా ఉన్న నేల పక్షికి బంజరు కాదు. గండికోటకు సమీపంలోని మైలవరం మండలంలోనే 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు తలపెట్టబడింది. సౌరశక్తి అవసరాన్ని కాదనలేము గాని, స్థల ఎంపికకు ముందు గూళ్ల సర్వే చేయడం అంత ఖరీదైన పని కాదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం ఏర్పాటైనా, చుట్టూ గడ్డి భూముల వినియోగం మారిపోయాక ఆ పక్షి దాదాపు కనుమరుగైంది.

విస్తరణ శాస్త్రవేత్తలు వెంటనే చేయగలిగింది ఎర విషయంలో ఉంది. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమోడయోలోన్ 2 పాళ్లు కలిపిన ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. దానిని తిన్న పాముకు, గద్దకు, గుడ్లగూబకు ఆ విషం చేరగలదు. అందువల్ల ఎరను చేనంతా చల్లక బొరియల లోపలే పెట్టించాలి. తరువాతి వారం రోజులు ఉదయాన్నే పొలం తిరిగి, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్పించాలి.