దండోరా విననివారు

ఖమ్మం నుండి సత్తుపల్లి పోయే బాటలో కొత్తగూడెం దారి చీలే కూడలి తల్లాడ. ఆ దారిన సాగిపోతే అడవులు, ఆవల భద్రాద్రి, గోదావరి. నది పొంగినపుడు ఆ సీమలో కబురే ప్రాణరక్ష. భద్రాచలం వద్ద నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో వరద 75.6 అడుగులు ముట్టినది.

పూర్వం పల్లెలలో ఏ వార్తనైనా తప్పెట కొట్టి చాటేవారు. తప్పెట వినబడినంత మేరకే వార్త. అడవికి పోయినవాని మాటేమిటి?

ఈ చిక్కే కంప్యూటర్ల లోకంలోనూ తలయెత్తినది. ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకొనే ఏర్పాటును 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శించారు. దానిని వాడే వారొకరికొకరు కబురు పంపుకొనడానికి 1965లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనువారు ఒక తపాలా ఏర్పాటు చేశారు. ఉత్తరం పెట్టెలో ఉంటుంది. గ్రహీత వచ్చినపుడు చదువుకొంటాడు.

1971 నాటి యూనిక్స్‌లోని ‘రైట్’ ఆజ్ఞ తీరు వేరు. యంత్రంలో ప్రవేశించి ఉన్న వ్యక్తి ఎదుటనే అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. అతడు లేకుంటే లేడని చెప్పి ఊరకుంటుంది. తరువాత వచ్చిన ‘వాల్’ అసలైన దండోరా. యంత్రాన్ని ఆపబోయే ముందు, ఎవరి పని వారు భద్రపరచుకొనవలసినదని పర్యవేక్షకుడు దానితో అందరికీ చాటుతాడు.

నేడు ఇట్టి ప్రోగ్రాము రాసే విద్యార్థి మొదట అనుసంధానమై ఉన్నవారి పట్టీ నొకదానిని ఉంచుకొంటాడు. కబురు వచ్చినపుడు వరుసగా ప్రతి పేరుకూ పంపుతాడు. కాని తీగ తెగినవాడు చెప్పి పోడు. అందుచేత ‘ఉన్నావా?’ అని నడుమనడుమ పలకరించాలి. బదులు రాకుంటే పేరు కొట్టివేయాలి. కొత్తవారు తరచు పొరబడేది ఇక్కడనే. పేరుతోపాటు అతనికి చేరవలసిన కబురునూ కొట్టివేస్తారు. దానిని దాచి, అతడు మరల వచ్చినపుడు అందించాలి. దండోరాకు తపాలా తోడు కావాలి.

ఉపాధ్యాయులకు ఇది కొత్త కాదు. హాజరుపట్టీలో ‘రాలేదు’ అని గుర్తు పెట్టడం పనిలో సగమే. మరునాడు ఆ పిల్లవానికి తప్పిన పాఠం చెప్పడం తక్కిన సగం.