అష్టాచెమ్మాలో కాయ చావు, పునర్జన్మ

అష్టాచెమ్మా గవ్వలతో ఆడే తెలుగువారి సాంప్రదాయిక ఆట. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలతో పాటు తెలుగునాట చాలాచోట్ల దీనిని ఆడతారు. ఇందులో ప్రత్యర్థి దెబ్బకు గురైన కాయను "చచ్చింది" అంటారు. అయితే ఆ కాయ ఆట నుండి తొలగిపోదు. తన ఇంటికి చేరి, మళ్ళీ మొదటి నుండి నడక సాగిస్తుంది.

ఆట స్వరూపం

నేల మీద సుద్దతో గాని బొగ్గుతో గాని 25 గళ్ళు గీస్తారు. నాలుగు అంచుల మధ్య గళ్ళు ఆటగాళ్ళ ఇళ్ళు. ఇళ్ళలోను, నడిమి గడిలోను అడ్డగీతలు ఉంటాయి. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. చింతగింజలు, గులకరాళ్ళు, గాజుముక్కలు కాయలుగా పనికివస్తాయి. నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడినవాటిని లెక్కిస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8). వెలుపలి వరుసను, లోపలి వరుసను చుట్టి 24వ అడుగున నడిమి గడికి చేరిన కాయ "పండింది" అంటారు.

చావు, పునర్జన్మ

అడ్డగీతలు లేని గడిలో ఉన్న కాయ మీదికి ప్రత్యర్థి కాయ వస్తే మొదటిది చస్తుంది. చంపినవారికి మరొకసారి గవ్వలు వేసే అవకాశం లభిస్తుంది. చచ్చిన కాయ తిరిగి బయలుదేరడానికి కొన్నిచోట్ల అష్టా గాని చెమ్మా గాని పడాలి.

దారిలో 4, 8, 12 అడుగుల వద్ద ఉన్న ఇతరుల ఇళ్ళలో కాయకు రక్షణ ఉంటుంది. 12వ అడుగు దాటితే నడిమి గడి వరకు మరి రక్షణ లేదు. 23వ అడుగున చచ్చిన కాయ 23 అడుగులూ కోల్పోతుంది. కనుక గమ్యం దగ్గరయ్యేకొద్దీ చావు నష్టం పెరుగుతుంది. పైగా చాలాచోట్ల కనీసం ఒక ప్రత్యర్థి కాయనైనా చంపనిదే లోపలి వరుసలోకి ప్రవేశం లేదు. అందువలన ఇళ్ళలోనే దాగి ఆడేవారికి గెలుపు దక్కదు.

ఇతర ఆటలతో పోలిక

పులిమేకలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి దాటి చంపిన మేక తిరిగి రాదు. మిగిలిన మేకలతోనే పులులను కట్టడి చేయాలి.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్"లో ప్రతి ఆటగాడు ఒక కల్పిత పాత్రను ధరిస్తాడు. ఆ పాత్రకు పేరు, గతం, బలాబలాలు ఉంటాయి. అందులో చచ్చిన పాత్రను మంత్రంతో బ్రతికించవచ్చు. 1978 నాటి నియమాల ప్రకారం బ్రతికిన ప్రతిసారి పాత్ర దేహదారుఢ్యం ఒక అంకె తగ్గుతుంది. 2014 నాటి నియమాలలో అటువంటి ఒక మంత్రానికి 500 బంగారు నాణేల విలువైన వజ్రం ఖర్చవుతుంది. చనిపోయి 10 రోజులు దాటితే ఆ మంత్రం పనిచేయదు.

ఈ మూడు ఆటలలోను చావుకు ఒక వెల ఉంది. పులిమేకలో అది మేక. అష్టాచెమ్మాలో నడిచిన దారి. పాత్రధారణ ఆటలో ధనం, కాలం లేదా దేహబలం. పునర్జన్మకు వెల లేకపోతే చావుకు భయం ఉండదు, గవ్వ పడే తీరుకు విలువా ఉండదు.