వృత్తి విద్యలో శిక్షణ గంటలు, ప్రభుత్వ నిధులు : గ్రామీణ విద్యార్థి తెలుసుకోవలసిన లెక్క

విస్సన్నపేట: పారిశ్రామిక శిక్షణ సంస్థలలో (ఐ.టి.ఐ.) ఏడాదికి 1600 గంటలుగా ఉన్న శిక్షణ కాలం 2022 సంవత్సరపు ప్రవేశాల నుంచి 1200 గంటలకు తగ్గించబడింది. రెండేళ్ల ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులలో ఈ తగ్గింపు మొత్తం 800 గంటలు. మామిడి తోటలు, బోరు మోటార్లు, ట్రాక్టర్లపై ఆధారపడిన విస్సన్నపేట వంటి మండలాలలో ఈ వృత్తులకు నిత్యం పని ఉంటుంది. అందువలన మిగిలిన గంటలు ఏ విధంగా వినియోగమవుతున్నాయి, వాటికి ప్రభుత్వ నిధులు ఏ పద్ధతిన అందుతున్నాయి అనే విషయాలపై విద్యార్థులకు, తల్లిదండ్రులకు అవగాహన అవసరం.

గంటల విభజన

పాత విధానంలో రెండేళ్ల కోర్సు మొదటి సంవత్సరంలో ప్రాక్టికల్ శిక్షణకు 1000 గంటలు, వృత్తి సిద్ధాంతానికి 280 గంటలు, వర్క్‌షాపు గణితానికి 80 గంటలు, ఇంజనీరింగ్ డ్రాయింగుకు 80 గంటలు, ఉపాధి నైపుణ్యాలకు 160 గంటలు కేటాయించారు. కొత్త విధానంలో ప్రాక్టికల్‌కు 840, సిద్ధాంతానికి 240, ఉపాధి నైపుణ్యాలకు 120 గంటలు నిర్ణయించారు. గణితం, డ్రాయింగు ప్రత్యేక సబ్జెక్టులుగా కాక సిద్ధాంత బోధనలో అంతర్భాగమయ్యాయి.

తగ్గిన 400 గంటలలో ప్రాక్టికల్ వాటా 160 గంటలు మాత్రమే. సిద్ధాంతం, గణితం, డ్రాయింగు కలిపి 440 గంటలు ఉండగా, అవి 240కి చేరి 200 గంటలు తగ్గాయి. మిగిలిన 40 గంటలు ఉపాధి నైపుణ్యాలవి. తత్ఫలితంగా మొత్తం శిక్షణలో ప్రాక్టికల్ వాటా 62.5 శాతం నుంచి 70 శాతానికి పెరిగింది. వీటికి అదనంగా ఏటా 150 గంటల పాటు పరిశ్రమలో ఉద్యోగ స్థల శిక్షణ పొందడం, లేదా అందుకు వీలు లేనిచోట బృంద ప్రాజెక్టు చేయడం తప్పనిసరి చేయబడింది.

కాగితంపై ఈ మార్పు చేతి పనికే ప్రాధాన్యమిచ్చింది. అయితే 840 గంటలను రోజుకు 5 గంటల చొప్పున లెక్కిస్తే 168 రోజులవుతాయి. యంత్రం మరమ్మతులో ఉన్నా, విద్యుత్ సరఫరా లేకపోయినా, ఇన్‌స్ట్రక్టరు పోస్టు ఖాళీగా ఉన్నా ఆ రోజులు తరిగిపోతాయి. పాత విధానంలో అటువంటి నష్టాన్ని పూడ్చుకొనుటకు ఉన్న వెసులుబాటు ఇప్పుడు తగ్గింది.

నిధులు రెండు పద్ధతులలో

ఐ.టి.ఐ. పాఠ్య ప్రణాళిక, అఖిల భారత వృత్తి పరీక్షలను కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. ప్రభుత్వ ఐ.టి.ఐ.ల దైనందిన నిర్వహణ, సిబ్బంది జీతభత్యాలు రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత. ఇక్కడ నిధులు సంస్థకు, పోస్టులకు మంజూరవుతాయి. వర్క్‌షాపులో యంత్రం ఎన్ని గంటలు నడిచిందన్న దానిని బట్టి జీతాల పద్దు మారదు.

స్వల్పకాలిక నైపుణ్య కోర్సులలో విధానం వేరు. 2015లో కేంద్రం ప్రకటించిన ఉమ్మడి వ్యయ ప్రమాణాల ప్రకారం శిక్షణ సంస్థకు ఒక్కొక్క అభ్యర్థికి గంట చొప్పున చెల్లింపు జరుగుతుంది. ఆనాడు కోర్సులను మూడు వర్గాలుగా విభజించి గంటకు రూ.38.50, రూ.33, రూ.27.50గా ధరలు నిర్ణయించారు. తదుపరి కాలంలో ఈ ధరలు సవరించబడ్డాయి. 2015 ధర ప్రకారం మొదటి వర్గంలోని 300 గంటల కోర్సుకు ఒక అభ్యర్థిపై రూ.11,550 అవుతుంది. అందులో 30 శాతం అనగా రూ.3,465 శిక్షణ ప్రారంభంలోను, 50 శాతం అనగా రూ.5,775 ఉత్తీర్ణతా ధ్రువపత్రం లభించిన తర్వాతను, మిగిలిన 20 శాతం అనగా రూ.2,310 ఉపాధి ఫలితాలను బట్టి అందేలా ఏర్పాటు చేశారు.

మొదటి పద్ధతిలో సంస్థ నిలకడగా కొనసాగుతుంది, కాని జరగని గంట పద్దులో కనిపించదు. రెండవ పద్ధతిలో ప్రతి గంటకు విలువ ఉంటుంది, కాని హాజరు పట్టికలో గంటలు నిండితే చాలునన్న ధోరణికి అవకాశం ఉంటుంది. చివరి 20 శాతాన్ని ఉపాధితో ముడిపెట్టడంలోని ఉద్దేశం ఈ లోపాన్ని నివారించడమే.

విద్యార్థికి హాజరే ఆధారం

అఖిల భారత వృత్తి పరీక్షకు 80 శాతం హాజరు అవసరం. 1200 గంటలలో ఇది 960 గంటలు. ప్రభుత్వ ఆర్థిక సహాయం సైతం హాజరుతో ముడిపడి ఉంటుంది. రాష్ట్రంలో 2019-20లో ప్రవేశపెట్టిన జగనన్న వసతి దీవెన పథకం కింద అర్హులైన ఐ.టి.ఐ. విద్యార్థులకు వసతి, భోజన ఖర్చుల నిమిత్తం ఏడాదికి రూ.10,000, పాలిటెక్నిక్ విద్యార్థులకు రూ.15,000 నిర్ణయించారు. దానికి 75 శాతం హాజరును షరతుగా విధించారు. మండల గ్రామాల నుంచి బస్సులో వెళ్లి చదువుకొనే విద్యార్థికి ఒక ఉదయం బస్సు తప్పిపోతే పాఠంతో పాటు హాజరు లెక్క కూడా తగ్గుతుంది.

పరికరాల ఆధునికీకరణ

దేశవ్యాప్తంగా 1,000 ప్రభుత్వ ఐ.టి.ఐ.ల ఉన్నతీకరణకు కేంద్ర మంత్రివర్గం 2025 మే 7న ఐదేళ్ల కాలానికి రూ.60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ఇందులో కేంద్రం వాటా రూ.30,000 కోట్లు, రాష్ట్రాల వాటా రూ.20,000 కోట్లు, పరిశ్రమల వాటా రూ.10,000 కోట్లు. పీఎం-సేతు పేరిట 2025 అక్టోబరు 4న ప్రారంభమైన ఈ పథకంలో 200 సంస్థలు కేంద్రాలుగా, 800 సంస్థలు వాటికి అనుబంధంగా ఉంటాయి. 50,000 మంది బోధకులకు శిక్షణ కూడా ఇందులో భాగం. కొత్త యంత్రంతో పాటు దానిని నేర్పగలిగే బోధకుడు ఉన్నప్పుడే ఈ వ్యయం సార్థకమవుతుంది.

చేరే ముందు అడగవలసినవి

ప్రవేశానికి ముందు విద్యార్థులు, తల్లిదండ్రులు మూడు విషయాలు విచారించుకోవడం మంచిది. ఆ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టరు పనిలో ఉన్నారా, 20 మంది యూనిట్‌కు చాలినన్ని పరికరాలు పనిచేసే స్థితిలో ఉన్నాయా, 150 గంటల ఉద్యోగ స్థల శిక్షణ ఎక్కడ ఇస్తారు అన్నవి అవి. ప్రజాధనంతో నడిచే శిక్షణలో ఈ ప్రశ్నలు అడగడం పౌరుల హక్కు. బోరు మోటారు వైండింగు స్వయంగా విప్పి, చుట్టి, నడిపి చూసిన గంటలే రేపు ఆ యువకునికి, ఆ యువతికి జీవనోపాధి అవుతాయి.