సూది వేయించుకున్నా జ్వరం ఎందుకొచ్చింది?



"రెండు సూదులూ వేయించుకున్నాను. అయినా నాకు కరోనా వచ్చింది. మరి సూది ఎందుకు టీచరమ్మా?" అని మా రాత్రిబడిలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. పలక తీసుకోండి.

కరోనా వైరస్ కంటికి కనపడదు. ఒకరి నుంచి ఒకరికి పాకుతూ కొంచెం కొంచెం మారుతుంది. అలా కొత్త రకాలు పుడతాయి. 2021లో డెల్టా రకం మన దేశంలో ఎంతోమందిని పొట్టన పెట్టుకుంది. అదే ఏడాది నవంబరులో దక్షిణ ఆఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ అనే కొత్త రకం గురించి లోకానికి చెప్పారు. 2022 మొదట్లో అది మన దేశంలోనూ డెల్టాను వెనక్కి నెట్టేసింది.

ఎలా నెట్టింది? లెక్క వేద్దాం. ఈ అంకెలు మనం అనుకున్నవే.

పాత రకం ఒకరి నుంచి ఇద్దరికి అంటుతుంది. కొత్త రకం నలుగురికి అంటుతుంది.

మొదటి విడత: పాతది 2, కొత్తది 4.
రెండో విడత: పాతది 4, కొత్తది 16.
మూడో విడత: పాతది 8, కొత్తది 64.

చూశారా? చేలో వేగంగా పెరిగే కలుపే చేనంతా కమ్ముతుంది. ఇదీ అంతే.

ఇప్పుడు ఊళ్లో సగంమందికి టీకా వేశారు. టీకా ఉన్నవారికి పాతది అంటదనుకుందాం. అప్పుడు ఇద్దరికి బదులు ఒక్కరికే అంటుతుంది. 1, 1, 1. ఇక పెరగదు.

కొత్తది రూపం మార్చుకుంది. మన ఒంట్లోని కావలివాళ్లు దాన్ని వెంటనే గుర్తుపట్టలేరు. టీకా ఉన్న ఇద్దరిలో ఒకరికి అంటుతుంది. టీకా లేని ఇద్దరికీ అంటుతుంది. మొత్తం ముగ్గురు. 3, 9, 27. టీకా వేసిన ఊళ్లో కూడా కొత్తదే గెలిచింది. అక్కకు జ్వరం అలా వచ్చింది.

మరి సూది దండగేనా? కాదు. టీకా అంటకుండా పూర్తిగా ఆపలేదు. కానీ జబ్బు ముదరకుండా చాలావరకు ఆపింది. టీకా వేసుకున్నవారిలో ఆస్పత్రి పాలవడం, చనిపోవడం బాగా తగ్గింది. ఒక్క మనిషిని చూస్తే ఈ మేలు కనపడదు. లక్షలమందిని లెక్కపెడితేనే తెలుస్తుంది.

శాస్త్రవేత్తలు ఇలాంటి లెక్కలే కంప్యూటర్ల మీద వేస్తారు. ఎన్ని పడకలు కావాలో, ముందు ఎవరికి టీకా వేయాలో చూసుకుంటారు. లెక్క జోస్యం కాదు. మనం జాగ్రత్తపడితే అంకెలు మారతాయి.

చెప్పండి చూద్దాం:
1. ఒకరి నుంచి ఐదుగురికి అంటే రోగం రెండో విడతలో ఎంతమందికి వస్తుంది?
2. మీ ఇంట్లో పిల్లల టీకాలన్నీ పూర్తయ్యాయా? కార్డు తీసి మీరే చదవండి.