కదలని కటకం, కదిలే ఫిలిము: మామియా సిక్స్ కథ

విజ్ఞాన విభాగానికి ఏదైనా రాయమని మన సంచిక సంపాదకులు అడిగినప్పుడు, రసాయన శాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక నా నుంచి ఏ మందుల గురించో, ప్లాస్టిక్కుల గురించో ఆశించి ఉంటారు. నేను మాత్రం ఒక పాత జపాను కెమేరా గురించి రాస్తున్నాను. ఇందుకు కారణం నా రాతబల్ల మీద ఉన్న ఒక ఫొటో. అందులో మా నాన్నగారు మా ఇంటి సోఫాలో కూర్చుని, చేయి ముందుకు చాచి స్టీలు గ్లాసుతో కాఫీ పట్టుకొని ఉన్నారు. గ్లాసు అంచున మెరిసే వెలుగు స్పష్టంగా ఉంది. దాని మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన మా అమ్మ పేరు కూడా చదవవచ్చు. నాన్నగారి ముఖం మాత్రం మసకగా ఉంది.

ఆ ముఖం ఎందుకు మసకబారిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. దానికి కొంచెం కాంతి శాస్త్రం, కొంచెం రసాయన శాస్త్రం, మరికొంచెం నా మతిమరుపు అవసరమవుతాయి.

పెద్ద ఫిలిము, చిన్న పెట్టె

మన ముందు తరంవారిలో చాలామందికి అగ్ఫా క్లిక్ త్రీ అనే కెమేరా గుర్తుండే ఉంటుంది. మన దేశంలోనే తయారైన ఆ కెమేరాలో ఫోకస్ చేసే బాదరబందీ లేదు. నాలుగడుగులు వెనక్కు నడిచి, అందరినీ కదలవద్దని హెచ్చరించి, మీట నొక్కడమే. ఒక చుట్టకు 12 బొమ్మలు వచ్చేవి. ఆ చుట్ట పేరే 120 ఫిలిము. 1901లో కొడాక్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ ఫిలిము నేటికీ తయారవుతూనే ఉంది. దాని మీద ఒక్కొక్క చతురస్రపు బొమ్మ పేరుకు 6×6 సెంటీమీటర్లు. నిజానికి సుమారు 56 మిల్లీమీటర్ల భుజం. తరువాతి కాలంలో ఇంటింటా వాడిన 35 మి.మీ. ఫిలిము మీద బొమ్మ 24×36 మి.మీ. మాత్రమే. గుణించి చూస్తే మొదటిది రెండవదానికి మూడున్నర రెట్లకు పైగా పెద్దది. పెద్ద ఫిలిము మీద పడిన వివరం అంత తేలికగా చెదరదు. చుక్కల అక్షరాలు కూడా చదవగలగడం ఆ వైశాల్యం చలవే.

అయితే ఫిలిము పెద్దదైతే కటకానికీ ఫిలిముకూ నడుమ దూరమూ పెరగాలి. 6×6 కెమేరాలలో సాధారణంగా వాడే కటకం నాభ్యంతరం 75 మి.మీ. అంత లోతైన పెట్టెను జేబులో పెట్టుకొని తిరగడం కష్టం. దీనికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం కొలిమితిత్తి. హార్మోనియంలో గాలి తోసే ముడుతల తోలు లాంటిదే. కెమేరా తలుపు తెరిస్తే కటకం ఇనుప కాళ్ళ మీద ముందుకు వచ్చి నిలుస్తుంది. మూస్తే తిత్తి ముడుచుకొని పొట్టలోకి పోతుంది. ఇవే మడత కెమేరాలు. జపానులో 6×6 బొమ్మలు తీసే వాటిని ‘సిక్స్’ అనీ, 6×9 బొమ్మలో సగమైన 6×4.5 తీసేవాటిని ‘సెమీ’ అనీ పిలిచేవారు.

ఫోకస్ అనే చిక్కు

తిత్తితో పరిమాణం చిక్కు తీరింది కాని ఫోకస్ చిక్కు మొదలైంది. ఎక్కడో దూరాన ఉన్న కొండ ప్రతిబింబం 75 మి.మీ. కటకానికి సరిగ్గా 75 మి.మీ. వెనుక ఏర్పడుతుంది. మూడు మీటర్ల దూరాన నిలబడిన మనిషి ప్రతిబింబం సుమారు 76.9 మి.మీ. వద్ద, ఒక మీటరు దూరాన ఉన్న ముఖం ప్రతిబింబం సుమారు 81.1 మి.మీ. వద్ద ఏర్పడతాయి. అంటే కొండ నుంచి ముఖానికి రావడానికి కటకం ఆరు మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. ఆ జరుగుడు మిల్లీమీటరులో పదోవంతు తేడాతో అదుపులో ఉండాలి. కాని కటకం ఉన్నది ఎక్కడ? సన్నని కాళ్ళ మీద, తెరిచి మూసే తలుపు చివర. దాన్ని కదల్చడమూ కష్టమే. అది ఎంత కదిలిందో పెట్టెలోని యంత్రానికి తెలియజేయడం ఇంకా కష్టం.

చాలామంది తయారీదారులు కటకంలోని ముందు గాజుబిళ్ళను మాత్రమే తిప్పే పద్ధతి అనుసరించారు. అది చవక. అయితే కటకంలోని గాజుబిళ్ళల మధ్య దూరాలను దోషాలు తగ్గేటట్లు లెక్కగట్టి పెడతారు. ఒక బిళ్ళను కదిలిస్తే ఆ పొందిక కొంత చెడుతుంది. దగ్గరి దృశ్యాలలో ఆ లోటు కనిపిస్తుంది. ఇక దూరాన్ని కొలిచే సాధనాన్ని కటకంతో జతపరచడానికి జర్మనీలో జైస్ ఐకాన్ సంస్థ 1934లో సూపర్ ఐకాంటా కెమేరాలో ఒక అందమైన ఉపాయం చేసింది. కటకం పక్కన చిన్న చేయి అమర్చి, అందులో తిరిగే గాజు పట్టకాలు పెట్టింది. ఉపాయం గొప్పదే కాని దానికి ఎంతో నైపుణ్యం, ఖర్చు కావాలి.

మామియా ఆలోచన

1940లో టోక్యోలో సెయిచి మామియా అనే ఆవిష్కర్త ఒక సంస్థను నెలకొల్పి, తన మొదటి కెమేరాను విడుదల చేశాడు. దాని పేరు మామియా సిక్స్. అతడు వేసుకున్న ప్రశ్న చాలా సులభమైనది: కటకానికీ ఫిలిముకూ మధ్య దూరం మారాలి, అంతే కదా! కటకమే కదలాలని ఎవరన్నారు?

మామియా సిక్స్‌లో తలుపు తెరిచాక కటకం ఎక్కడ నిలిచిందో అక్కడే ఉంటుంది. కదిలేది ఫిలిము. పై మూత వెనుక బొటనవేలికి అందేచోట ఒక పళ్ళ చక్రం ఉంది. దాన్ని తిప్పితే ఫిలిమును పట్టి ఉంచే చట్రమంతా ముందుకూ వెనుకకూ జరుగుతుంది. చట్రమూ, దూరమాపకమూ రెండూ పెట్టెలోనే ఉన్నాయి కనుక వాటిని జతపరచడం తేలిక. కాళ్ళ మీద నిలిచిన కటకాన్ని ఎవరూ కదపరు. దానిలోని గాజుబిళ్ళల పొందిక చెదరదు.

దూరమాపకం పని తీరు తెలియాలంటే పాఠకులు బొటనవేలు ముఖం ముందు పెట్టుకొని ఒక్కొక్క కన్నూ మూసి చూడవచ్చు. వేలు అటూ ఇటూ గెంతినట్లు కనిపిస్తుంది. దగ్గరికి తెస్తే గెంతు పెద్దది, దూరం జరిపితే చిన్నది. కెమేరాలోనూ రెండు కిటికీలు రెండు కళ్ళ వంటివి. లోపలి చిన్న అద్దం తిరుగుతూ, రెండు బొమ్మలూ ఒకటయ్యేటట్లు చేస్తుంది. అవి కలిసినచోట ఫోకస్ కుదిరినట్లే.

అందని వస్తువును కదల్చలేకపోతే అందే వస్తువును కదల్చాలి. ప్రయోగశాలలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న నాకు ఇది ఎంతో ఇష్టమైన పాఠం. ఈ ఆలోచన మామియాతో ముగిసిపోలేదు. 1996లో క్యోసెరా సంస్థ తెచ్చిన కాంటాక్స్ ఏఎక్స్ కెమేరా, చేతితో ఫోకస్ చేసే పాత కటకాలకు సైతం స్వయంచాలకంగా ఫోకస్ కుదర్చడానికి లోపలి ఫిలిమునే జరిపింది. నేటి డిజిటల్ కెమేరాలు కొన్ని, మన చేతి వణుకును సరిదిద్దడానికి ఫిలిము స్థానంలో ఉన్న సెన్సరును కదిలిస్తాయి. ఉద్దేశం వేరైనా ఉపాయం చుట్టమే.

ఒకే పేరు, అనేక రూపాలు

మామియా సిక్స్ ఒక కెమేరా కాదు, ఒక వంశం. 1940 నుంచి 1950ల చివరి వరకు అది ఎన్నో రూపాలలో వచ్చింది. యుద్ధ కాలంలో వచ్చినవి ఒకటి, రెండు, మూడు అనే అంకెలతో ఉన్నాయి. ఆ రోజుల్లో కటకాలూ, షట్టర్లూ దొరకడమే కష్టం కనుక, పెట్టె ఒకటే అయినా వాటి కళ్ళు వేరు వేరుగా ఉంటాయి. యుద్ధానంతరం 1947లో వచ్చిన నాలుగవ నమూనా ఎక్కువమందికి పరిచితం. దానికి తరచు ఒలింపస్ సంస్థవారి జూయికో కటకం కనిపిస్తుంది. తరువాతి వాటిలో సెకోర్ అనే కటకమూ వచ్చింది. ఎక్కువ వాటిలో కటకం 75 మి.మీ., గరిష్ఠ ద్వారం ఎఫ్ 3.5. 1950లలో వచ్చిన కొన్ని నమూనాలలో 6×6తో పాటు 6×4.5 బొమ్మలు తీసే వీలు కల్పించారు. అప్పుడు ఒకే చుట్టకు 12 బదులు 16 బొమ్మలు దక్కుతాయి. మధ్యతరగతి సంసారి ఎక్కడైనా మధ్యతరగతి సంసారే!

1955లో వచ్చిన ఆటోమాట్ ఈ వంశానికి పెద్దకొడుకు లాంటిది. అంతకుముందు ఫిలిము తిప్పడం ఒక పని, షట్టరు బిగించడం ఇంకొక పని. ఆటోమాట్‌లో ఫిలిము తిప్పితే షట్టరు దానంతట అదే బిగుసుకుంటుంది. 1958లో ఆటోమాట్ రెండవ రూపం వచ్చింది. ఆ తరువాత మడత కెమేరాల కాలమే ముగిసిపోయింది. మామియా సంస్థ ఇతర కెమేరాల వైపు మళ్ళింది. 1970లో వచ్చిన ఆర్‌బీ67 ప్రపంచమంతటా స్టూడియోలకు చేరింది. 1989లో అదే సంస్థ ‘మామియా 6’ అనే పేరుతో మరొక 6×6 కెమేరా తెచ్చింది కాని, అది వేరే జాతి. కటకాలు మార్చుకోవచ్చు, ఫోకస్‌కు కదిలేది కూడా కటకమే.

నా పొరపాటు

ఇప్పుడు నాన్నగారి ఫొటో దగ్గరకు వద్దాం. నేను ఒక పాత సామానుల సంతలో కొన్న మామియా సిక్స్ బాగానే పనిచేసేది. 2018 శీతాకాలంలో మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండేందుకు మా దగ్గరకు వచ్చారు. వారి రాకకు ముందు నేను ఉత్సాహంగా కెమేరా విప్పి శుభ్రం చేశాను. ఈ కెమేరాలో ఫిలిమును వెనుక నుంచి చట్రానికి అదిమి పట్టే ఒక నల్లని లోహపు పలక ఉంటుంది. చాలా కెమేరాలలో ఇది వెనుక తలుపుకు అతుక్కొని ఉంటుంది. ఇందులో చట్రం కదలాలి కనుక పలక విడిగా, చట్రంలోకి దూర్చేదిగా ఉంటుంది. నేను దాన్ని బయటకు తీశాను. తుడిచాను. తిరిగి పెట్టడం మరిచాను.

ఆ పలక ఎందుకంత ముఖ్యమో రసాయన శాస్త్రం చెబుతుంది. ఫిలిము అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్ పూత. ఆ పూతలో వెండి లవణాల స్ఫటికాలు. జెలటిన్‌కు నీరంటే ప్రీతి. గాలిలో తేమ ఉంటే ఉబ్బుతుంది, లేకపోతే కుంచించుకుపోతుంది. ప్లాస్టిక్ అంతగా మారదు. అందువల్ల పొడిగాలిలో ఫిలిము పూత వైపుకు దొన్నెలాగ ముడుచుకుంటుంది. చలికాలంలో రాత్రింబవళ్ళు హీటర్లు నడిచే మా ఇంటి గాలి ఎంత పొడిగా ఉంటుందో ఇక్కడి పాఠకులకు చెప్పనక్కరలేదు. పూత కటకం వైపు ఉంటుంది కనుక దొన్నె అడుగు, అంటే బొమ్మ నడిమి భాగం, వెనక్కు పోతుంది.

ఎంత వెనక్కు? లెక్క వేసి చూశాను. నాన్నగారి కళ్ళ మీద ఒకటిన్నర మీటర్ల వద్ద ఫోకస్ కుదిర్చాను. ఫిలిము నడిమి భాగం అర మిల్లీమీటరు వెనక్కు పోతే ఫోకస్ 1.34 మీటర్లకు, అంటే జానెడు కంటే కొంచెం తక్కువ ముందుకు, జరుగుతుంది. సరిగ్గా అక్కడే కాఫీ గ్లాసు ఉంది. గది చీకటిగా ఉండటంతో ద్వారాన్ని పూర్తిగా ఎఫ్ 3.5కు తెరిచాను. ఆ దూరంలో అప్పుడు స్పష్టంగా వచ్చే మేర అటూ ఇటూ ఏడు సెంటీమీటర్లకు మించదు. అదే చుట్టలో ఆరుబయట, ద్వారం ఎఫ్ 11కు తగ్గించి తీసిన రెండు మూడు బొమ్మలు ఫరవాలేదనిపించాయి. ఇంట్లో దగ్గర నుంచి తీసిన ముఖాలన్నీ పోయాయి.

ప్రింటు చూసి నాన్నగారు, “గ్లాసు బాగా వచ్చిందిరా!” అన్నారు. తప్పు ఎక్కడుందో అప్పటికి నాకు తెలియదు. దూరమాపకాన్ని అనుమానించాను, కటకాన్ని అనుమానించాను. వారు తిరిగి వెళ్ళిన నెల రోజులకు నా శ్రీమతి, సూదీదారం పెట్టుకొనే బిస్కట్ల డబ్బా తెరిచి, “ఏమండీ, ఈ నల్లరేకు మీదేనా?” అని అడిగింది.

కొనదలచినవారికి

ఈ కథ విన్నాక కూడా ఎవరికైనా మామియా సిక్స్ కొనాలనిపిస్తే మొదట ఆ పలక ఉన్నదో లేదో చూడండి. చేతి నుంచి చేతికి మారేటప్పుడు అది పోవడానికి అవకాశం ఎక్కువ. రెండవది తిత్తి. చీకటి గదిలో లోపల చిన్న దీపం పెట్టి ముడుతల మూలల్లో సూదిమొనల వంటి వెలుగు కనిపిస్తుందేమో పరీక్షించాలి. మూడవది కటకంలో బూజు. సాలెగూడు వంటి పోగులు కనబడితే మానుకోవడం మంచిది. బూజు విడుదల చేసే ఆమ్లాలు గాజును తినివేస్తాయి.

ఒక మేలు కూడా ఉంది. ముందు బిళ్ళ తిరిగే ఇతర మడత కెమేరాలలో పాత గ్రీజు గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడి, ఇత్తడిలోని రాగితో చర్య జరిపి, పచ్చని జిగురుగా మారి బిళ్ళను బిగించేస్తుంది. మామియా సిక్స్‌లో ఫోకస్ కోసం బిళ్ళ తిరగనక్కరలేదు కనుక ఈ బెడద లేదు.

మా నాన్నగారు ఇప్పుడు దూరప్రయాణాలు చేయలేరు. రానున్న సంక్రాంతికి మేమే వెళుతున్నాం. కెమేరాలో పలక పెట్టాను. దూర్చానని నమ్మకం కుదరక, ఇది రాస్తూ ఇంకొకసారి వెనుక తలుపు తెరిచి చూశాను. ఉంది. ఈసారి కాఫీ గ్లాసును కొంచెం పక్కన పెట్టమంటాను; ముఖం మీద ఫోకస్ చేస్తాను.