కట్టిందే మళ్లీ కట్టాలా?

అమెరికాలో ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు కాంట్రాక్టరుకు ఒక్క డాలరు బాకీ లేకపోయినా ఇంటి మీద బాకీ పడొచ్చు. దాని పేరు మెకానిక్స్ లీన్.

దాని సంగతి చెప్పే కవరొకటి మా అక్క వాళ్ల కొత్త వంటింటి సొరుగులో నాలుగు నెలలు పడుంది. పిజ్జా కూపన్లు, పిల్లాడి టీకాల కార్డు, ఇండియన్ స్టోరు రసీదులు, వాటి మధ్య ఒక సర్టిఫైడ్ మెయిల్. పోస్టతను సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. అక్క విప్పి చూసింది కూడా. పైన క్యాబినెట్లు అమ్మే ఏదో కంపెనీ పేరు, కింద చీమల బారులాంటి అక్షరాలు. 'వీళ్ల దగ్గర మనమేం కొన్నాం?' అనుకుని సొరుగులో పడేసింది. ఆ సొరుగు ఆ కంపెనీదే. దాని డబ్బే వాళ్లకి అందలేదు.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వాళ్లది. రెండేళ్ల కిందట పాత వంటిల్లు ఊడదీయించి కొత్తది పెట్టించుకున్నారు. కాంట్రాక్టు 62,000 డాలర్లు. కాంట్రాక్టరు మాటకారి, మర్యాదస్తుడు. బావ ఆఫీసులో ఇద్దరికి పనిచేసి పెట్టాడు. ఫిబ్రవరిలో మొదలెట్టాడు, ఏప్రిల్ ఆఖరుకు ముగించాడు. బావ ఆఖరి చెక్కు చేతికిచ్చి, షేక్‌హ్యాండిచ్చి, ఓ డబ్బా కాజాలు కూడా పెట్టి పంపించాడు.

జులైలో వడ్డీ కాస్త తగ్గుతుందని రీఫైనాన్స్‌కు వెళ్లారు. ఇంటి హక్కుల రికార్డులు చూసే టైటిల్ కంపెనీ నుంచి ఫోను. మీ ఇంటి మీద లీన్ ఉంది, 11,400 డాలర్లు, అది తేలేదాకా లోను ముందుకు కదలదు. క్యాబినెట్ల కంపెనీ జూన్‌లోనే అలమీడా కౌంటీ రికార్డుల్లో దాన్ని ఎక్కించింది. చట్టప్రకారం యజమానికి నకలు కూడా పంపింది. ఆ నకలు వచ్చేనాటికి వీళ్లు తెనాలిలో మామిడిపళ్లు తింటున్నారు.

"మొత్తం కట్టేశాం కదా, చెక్కులన్నీ ఉన్నాయి కదా" అని బావ అవతలివాళ్లకు చెప్తూనే ఉన్నాడు. వాళ్లు ఓపిగ్గా విన్నారు. మీరు కాంట్రాక్టరుకు కట్టారు, అతను మాకు కట్టలేదు అన్నారు. కాంట్రాక్టరు ఫోను అప్పటికే మోగడం మానేసింది.

సంతకం లేని తాకట్టు

మనకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే ఇది ఈసీలో పడే ఎంట్రీ లాంటిది. స్థలం కొనేముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించి, తాకట్లేమైనా ఉన్నాయా అని చూసుకుంటాం. అక్కడ కనిపించే తాకట్టు ఏదైనా ఆ ఇంటాయన తానై సంతకం పెట్టిందే. లీన్ అలా కాదు. మీ సంతకం అక్కర్లేదు, మీరు అప్పు తీసుకోనక్కర్లేదు, ఆ మనిషి మొహం చూసి ఉండక్కర్లేదు. మీ ఇంటికి పనిచేసి, లేదా సరుకు పంపి, డబ్బు అందకపోతే చాలు. టైల్సు పరిచినవాడు, ప్లంబరు, డ్రైవాల్ అమ్మినవాడు, ఎవరైనా ఎక్కించొచ్చు. అంతటితో ఆగదు. కోర్టుకెళ్లి గెలిస్తే ఇల్లు అమ్మించి తన డబ్బు రాబట్టుకునే హక్కూ ఉంది. అంతదూరం వెళ్లేవి తక్కువ. అమ్మకమో రీఫైనాన్సో దగ్గర ఇల్లు ఇరుక్కుపోవడమే మామూలుగా జరిగేది.

పేరులో మెకానిక్ ఉందని కారు షెడ్డు గుర్తు తెచ్చుకోకండి. పూర్వపు ఇంగ్లీషు వాడుకలో ఆ మాటకు చేతిపనివాడని అర్థం. 1791లో, వాషింగ్టన్ నగరం కట్టే ఏర్పాట్లు మొదలైన రోజుల్లో, మేరీల్యాండ్ రాష్ట్రం ఈ చట్టం తెచ్చింది. కొత్త రాజధానికి తాపీవాళ్లూ వడ్రంగులూ కావాలి, వాళ్లకు డబ్బు మీద భరోసా కావాలి. కాలిఫోర్నియా అయితే 1879 నాటి తన రాజ్యాంగంలోనే ఈ హక్కును రాసేసుకుంది.

ఇంటివాళ్ల పక్షాన రాస్తున్నాను గానీ, ఇది అన్యాయపు చట్టమని అనలేను. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ ఒక చిన్న ముచ్చట చెప్తుంది. అరువుకు ఒప్పుకోకపోతే, కుట్టుకూలి ఇచ్చేదాకా దర్జీ మీ బట్ట తన దగ్గరే ఉంచుకోవచ్చు. సానబట్టిన వజ్రాన్ని కంసాలి ఆపుకోవచ్చు. సరే, మరి మేస్త్రీ ఏం ఆపుకోవాలి? గోడ లేచాక అది మీది. టైలు అతికాక ఊడదీస్తే పెంకే. దర్జీ జాకెట్టు ఆపుకోగలడు గానీ మేస్త్రీ గోడ ఆపుకోలేడు. అమెరికా చట్టం ఆ గోడను కాగితం మీద ఆపుకోనిచ్చింది. మన ఊళ్లలో సిమెంటు కొట్టు ఆయనకు మేస్త్రీ బాకీ పడితే, మేస్త్రీ ఇంటి అరుగు మీద కూర్చోవడమో, అతని మీద దావా వేయడమో తప్ప, కట్టిన ఇంటి మీద పట్టు లేదు. ఇంటివాళ్లకు అది సుఖమే. అరుగు మీద కూర్చున్న వాడికి కాదు.

అడ్వాన్సు దగ్గరే మొదటి తప్పు

అక్క వాళ్లు కాంట్రాక్టు రాసుకున్న రోజునే 20,000 డాలర్లు ఇచ్చారు. "మెటీరియల్ ఆర్డర్ పెట్టాలి" అన్నాడట. మా అమ్మ ఫోనులో విని, "అడ్వాన్సివ్వకుండా మేస్త్రీ ఎక్కడైనా పని మొదలెడతాడా?" అని సమర్థించింది కూడా. తెనాలిలో మొదలెట్టడు. కాలిఫోర్నియాలో మాత్రం ఇంటి మరమ్మతు కాంట్రాక్టుకు అడ్వాన్సు 1,000 డాలర్లు లేదా మొత్తం విలువలో 10 శాతం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది దాటకూడదు. అంటే 62,000 పనికైనా వెయ్యి డాలర్లే. ఆ తర్వాత కూడా జరిగిన పనికి మించి డబ్బు తీసుకోకూడదు. తీసుకుంటే నేరం. ఆ లెక్కన మొదటి రోజే, మొదటి అరగంటలోనే, మాటకారి కాంట్రాక్టరు ఏ రకం మనిషో తెలియాల్సింది.

డబ్బు ముందు ఇవ్వడంలో మనకొక మొహమాటం ఉంది. అడిగితే లేదనలేం. ఫలానావాళ్లకు చేశాడు, మనవాళ్లకు తెలిసినవాడు అంటే ఇక లైసెన్సు చూడం. ఆ రాష్ట్ర లైసెన్సు బోర్డు వెబ్‌సైట్‌లో నంబరు కొడితే లైసెన్సు బతికుందో లేదో, బాండు ఉందో లేదో కనిపిస్తుంది. లైసెన్సు లేకుండా చేసినవాడికి కూలి కోసం కోర్టుకెక్కే హక్కే లేదు. పైగా మీరిచ్చిన సొమ్మంతా తిరిగి అడగొచ్చు. ఇక ప్రతి లైసెన్సు వెనకా, నష్టపోయినవాళ్లు అడగడానికి, 25,000 డాలర్ల బాండు ఉంటుంది. అది విని అక్క కొంత కుదుటపడింది. తీరా చూస్తే ఆ ఒక్క బాండు మీదే అప్పటికి మరో ఇద్దరు ఇంటివాళ్లు చేతులు చాచి ఉన్నారు. బాండు ఒక్కటే, పంచుకునేవాళ్లు ఎందరైనా కావచ్చు.

కవరు చెప్పిన మాట

సొరుగులో పడేసిన ఆ కాగితం పేరు ప్రిలిమినరీ నోటీసు. కాలిఫోర్నియాలో సబ్ కాంట్రాక్టర్లు, సరుకు పంపినవాళ్లు పనిలోకి దిగిన 20 రోజుల్లో ఇంటివాళ్లకు దీన్ని పంపాలి. పంపకపోతే లీన్ హక్కు పోతుంది. ఆలస్యంగా పంపితే, పంపిన రోజుకు వెనక 20 రోజుల్లో చేసినదాని నుంచే హక్కు. రోజుకూలీలకు మాత్రం ఈ నోటీసు నియమం లేదు, వాళ్ల హక్కు వాళ్లకెలాగూ ఉంది. చీమల బారు అక్షరాల్లో ఉన్న సంగతి కూడా సూటిగానే ఉంటుంది: మీరు కాంట్రాక్టరుకు పూర్తిగా చెల్లించినా, మాకు అందకపోతే మీ ఇంటి మీద లీన్ పడొచ్చు.

అందుకే ఆ కవరు రావడం చెడ్డ శకునం కాదు. పద్ధతిగా పనిచేసే కంపెనీలన్నీ పంపుతాయి. ఇంటివాళ్లకు అందులో దొరికేది ఒక పేర్ల జాబితా. కాంట్రాక్టరు వెనక డబ్బు కోసం ఎవరెవరు నిలబడ్డారో అదే చెప్తుంది. అక్క పారేసుకున్నది ఆ జాబితాను.

జాబితా చేతిలో ఉంటే తర్వాతి పని తేలికే. చెక్కు రాసే ప్రతిసారీ, కాంట్రాక్టరు దగ్గరే కాదు, నోటీసు పంపిన ప్రతివాళ్ల దగ్గరా ఒక కాగితం తీసుకోవాలి. లీన్ వేవర్ అంటారు. అక్క ఇప్పుడు దాన్ని 'రిలీజు కాగితం' అంటుంది. కాలిఫోర్నియాలో వీటికి చట్టమే నాలుగు నమూనాలు రాసి పెట్టింది. మధ్యలో ఇచ్చే వాయిదాలకు రెండు, ఆఖరి చెల్లింపుకు రెండు. ఆ రెండేసి ఎందుకంటే ఒకటి షరతుతో, ఒకటి షరతు లేకుండా. చెక్కు ఇచ్చేటప్పుడు షరతు కాగితం తీసుకుంటారు: ఈ డబ్బు నాకు ముడితే ఇంతవరకు చేసిన పనికి లీన్ హక్కు వదులుకుంటాను అని. చెక్కు బ్యాంకులో పాసయ్యాక షరతు లేనిది: ముట్టింది, వదులుకున్నాను అని. రెండోది చేతికి రానిదే తర్వాతి వాయిదా కదలకూడదు. బావ దగ్గర చెక్కుల నకళ్లు ఆరు ఉన్నాయి, ఈ కాగితాలు ఒక్కటీ లేవు. కాంట్రాక్టరుకు ఎంత చేరిందో చెక్కులు చెప్పాయి. ఆయన దాటి ఎక్కడికి చేరిందో చెప్పేవి ఆ కాగితాలే.

పెద్ద సరుకుకు ఇంకో ఉపాయం ఉంది. చెక్కును కాంట్రాక్టరు పేరునా, సరుకు కంపెనీ పేరునా కలిపి రాయడం. ఇద్దరూ సంతకం పెడితేనే మారుతుంది.

పని అయిపోయాక గడియారం మొదలవుతుంది. మామూలుగా 90 రోజుల్లో లీన్ ఎక్కించాలి. యజమాని గనక పని పూర్తయిన 15 రోజుల్లో కౌంటీలో 'నోటీస్ ఆఫ్ కంప్లీషన్' నమోదు చేయిస్తే, ఆ గడువు కాంట్రాక్టరుకు 60 రోజులకు, మిగతావాళ్లకు 30 రోజులకు కుదించుకుపోతుంది. ఇంటివాళ్లలో ఎంతమంది ఈ పని చేస్తారో గానీ, అక్క వాళ్ల వీధిలో నేనడిగిన నలుగురిలో ఒక్కరికీ తెలియదు. లీన్ ఎక్కించినవాడు కూడా మళ్లీ 90 రోజుల్లో దావా వేయాలి, లేకపోతే లీన్ చచ్చినట్టే. చచ్చినా రికార్డులో మాత్రం అలాగే ఉంటుంది. తీయించాలంటే ముందు వాళ్లకు తాకీదు పంపి, తీయకపోతే కోర్టుకెళ్లాలి.

అక్క వాళ్లు అంతదాకా ఆగలేకపోయారు. లోను రేటు గడువు దాటిపోతోంది. 11,400 మళ్లీ కట్టారు.

రాష్ట్రం మారితే రూలు మారుతుంది

డాలస్‌లో ఉన్న చుట్టాలకు ఈ కథ చెప్పి ఇదే పాటించండి అంటే కుదరదు. టెక్సాస్‌లో మామూలు బిల్డింగు కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సే లేదు. కరెంటు, ప్లంబింగు, ఏసీ పనివాళ్లకే ఉంది. ఆ లోటును అక్కడి రాజ్యాంగమూ చట్టమూ మరోవైపు పూడుస్తాయి. సొంతంగా కాపురముండే ఇల్లు, అంటే హోమ్‌స్టెడ్, అయితే పని మొదలుకాకముందే రాతపూర్వకంగా కాంట్రాక్టు ఉండి, భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి, దాన్ని కౌంటీలో నమోదు చేస్తేనే లీన్ నిలుస్తుంది. మగాయన ఒక్కడే సంతకం పెట్టేసి వచ్చే మన అలవాటు అక్కడ చెల్లదు, మంచిదే. పైగా యజమాని 10 శాతం సొమ్ము ఆపి, పని పూర్తయ్యాక 30 రోజులు తన దగ్గరే ఉంచుకోవాలి. అది కాంట్రాక్టరు మీద అపనమ్మకమేం కాదు, చట్టం చెప్పిన లెక్క. ఉంచుకోకపోతే ఆ మేరకు ఇల్లే పూచీ. ఇంటివాళ్లు ఇచ్చిన సొమ్మును అక్కడ ట్రస్టు సొమ్ముగా చూస్తారు. కింది పనివాళ్లకివ్వకుండా వేరే దానికి మళ్లిస్తే క్రిమినల్ కేసు పడొచ్చు.

న్యూజెర్సీ ఇంకొంచెం దయగలది. ఇంటి మీద లీన్ వేయాలంటే ముందు మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి. యజమాని కాంట్రాక్టరుకు ఇంకా ఎంత బాకీ ఉన్నాడో అంతవరకే లీన్. అక్క ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉండి ఉంటే ఆ 11,400 మిగిలేవి.

తెనాలి పుస్తకం

ఇదంతా అమ్మకు వివరంగా చెప్పాను. పెద్దగా ఆశ్చర్యపోలేదు. లోపలికెళ్లి బీరువాలోంచి ఒక పొడుగాటి లెక్కల పుస్తకం తెచ్చింది. 1994లో మా ఇల్లు కట్టినప్పటిది. సిమెంటు బస్తాలు, ఇనుము, ఇసుక బళ్లు, ఇటుకలు, అన్నీ అమ్మా నాన్నా స్వయంగా కొన్నవే. మేస్త్రీకి ఒట్టి లేబరు కాంట్రాక్టు. ప్రతి పేజీ కింద శనివారం తేదీ, కూలీల పేర్లు, పేరు పక్కన సంతకమో వేలిముద్రో. కింద ఒకచోట సిరా మరక.

"మొదట మేస్త్రీ చేతికే ఇచ్చేదాన్ని. రెండో వారం ఒకామె వచ్చి ఏడ్చింది, మాకేం ఇవ్వలేదమ్మగారూ అని. అప్పట్నించి వరండాలో కూర్చుని నా చేత్తో ఇచ్చేదాన్ని."

సరుకు మనమే కొంటే అమ్మినవాడికి మన మీద బాకీ మిగలదు. కూలి మన చేత్తో ఇచ్చి వేలిముద్ర తీసుకుంటే, అదే కాలిఫోర్నియా చట్టం నాలుగు నమూనాల్లో రాయించే కాగితం. ఇలాంటి అమ్మకు పుట్టి అక్క 20,000 అడ్వాన్సిచ్చింది. అమ్మ కూడా సరేనంది. దూరదేశం అనగానే మన తెలివి మనకే పనికిరాదనిపిస్తుందేమో.

ఈ ఏడు అక్క వాళ్లు బాత్రూము బాగుచేయించుకుంటున్నారు. కొత్త కాంట్రాక్టరు. అడ్వాన్సు వెయ్యి. టైల్సు అక్కే కొనుక్కొచ్చింది. షవరు అద్దాల కంపెనీ నుంచి కవరు వస్తే ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించింది. వేసవికి అమ్మ అక్కడికెళ్లింది. టైల్సు వేసే మెక్సికో కుర్రాడికి రోజూ పదకొండింటికి టీ ఇస్తోందట. మొన్న గ్లాసు అందిస్తూ తెలుగులోనే అడిగింది, వేళ్లు రాపాడించి చూపిస్తూ: "మీ మేస్త్రీ డబ్బులిచ్చాడా నాయనా?"

కుర్రాడు నవ్వి అక్క వైపు చూశాడు. అక్క ఇంగ్లీషులో చెప్పింది. శుక్రవారం ఇస్తానన్నాడట. అక్క వెళ్లి ఫ్రిజ్ మీద కవరు పక్కన ఒక పసుప్పచ్చ చీటీ అంటించి, దాని మీద 'శుక్రవారం' అని రాసింది.